సలీం అలీ: తుపాకీతో మొదలైన పక్షుల కథ

1938 నవంబర్ 12న రాజస్థాన్‌లోని భరత్‌పూర్ చిత్తడి నేలల్లో ఒక్కరోజులో 4,273 పక్షుల్ని కాల్చి పడేశారు. వాటిలో ఎక్కువ భాగం బాతులే. అప్పటి వైస్రాయి లార్డ్ లిన్‌లిత్‌గో గౌరవార్థం మహారాజా ఏర్పాటు చేసిన వేట అది. 39 తుపాకులు పేలాయి. ఆ లెక్క ఇప్పటికీ అక్కడ రాతి మీద చెక్కి ఉంది, ఏదో క్రికెట్ స్కోరుబోర్డులా. చిత్రం ఏంటంటే, సరిగ్గా అదే రోజు సలీం అలీకి 42 ఏళ్ళు నిండాయి. తర్వాత ఆ చెరువుల్ని ఎండబెట్టి పొలాలు చేయకుండా ఆపిన మనిషి ఆయనే.

సలీం అలీ అంటే మనలో చాలామందికి జనరల్ నాలెడ్జ్ బిట్ మాత్రమే. బర్డ్‌మ్యాన్ ఆఫ్ ఇండియా ఎవరు? ఆన్సర్ టిక్ పెట్టేసి తర్వాతి ప్రశ్నకి వెళ్ళిపోతాం. కానీ ఏలూరు, తాడేపల్లిగూడెం వైపు ఉండేవాళ్ళం, కొల్లేరు గురించి రోజూ ఏదో ఒక గొడవ పేపర్లో చదివేవాళ్ళం ఆయన జీవితాన్ని కాస్త నెమ్మదిగా చదవాలి. ఎందుకంటే పక్షులు దిగే చోటుని కాపాడటానికి ఖర్చు ఎవరు పెట్టుకోవాలి అనే ప్రశ్న ఆయన జీవితమంతా ఉంది. మన సరస్సు దగ్గరా ఇప్పుడు అదే ప్రశ్న.

ఆయన 1896లో బొంబాయిలో పుట్టారు. సులైమానీ బోహ్రా ముస్లిం కుటుంబం, పిల్లల్లో అందరికంటే చిన్నవాడు. ఏడాది వయసులో తండ్రి పోయాడు, మూడేళ్ళకి తల్లి పోయింది. మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ, పిల్లలు లేని అత్త హమీదా బేగం కలిసి ఖేత్‌వాడీలోని ఇంట్లో పిల్లలందర్నీ పెంచారు. ఈ మామయ్యకి వేటంటే ప్రాణం. మేనల్లుడి చేతికి బొమ్మ ఎయిర్‌గన్ ఇచ్చింది కూడా ఆ ఇంటి వాతావరణమే. చుట్టుపక్కల పిల్లలంతా గురి పోటీలు పెట్టుకునేవాళ్ళు. అందులో బాగా గురి ఉన్న ఒక కుర్రాడు దూరపు చుట్టం ఇస్కందర్ మీర్జా. పెద్దయ్యాక పాకిస్తాన్‌కి మొదటి అధ్యక్షుడు అయ్యాడు. మన కుర్రాడి కల మాత్రం అప్పట్లో పెద్ద పెద్ద జంతువుల్ని కొట్టే వేటగాడు కావాలనే.

ఆ రోజుల్లోనే ఒక పిచ్చుక గూడు దగ్గర కాపలా కూర్చున్నాడు. గూడు బయట మగ పిచ్చుక, లోపల గుడ్ల మీద ఆడది. మగదాన్ని కాల్చాడు. కాసేపటికే ఆడపిచ్చుక ఇంకో మగపిచ్చుకని తోడు తెచ్చుకుంది. దాన్నీ కాల్చాడు. ఏడు రోజుల్లో అదే చోట ఎనిమిది మగ పిచ్చుకలు పోయాయి, ప్రతిసారీ కొత్తది వచ్చింది. చదువుతుంటే ఒళ్ళు జలదరిస్తుంది. కానీ ఆ పదేళ్ళ కుర్రాడు చేసిన ఇంకో పని చూడండి. జరిగిందంతా కాగితం మీద రాసి పెట్టుకున్నాడు. ఎన్నేళ్ళో గడిచాక ఆ నోట్స్ పక్షుల ప్రవర్తన మీద పనికొచ్చే పరిశీలనగా అచ్చయింది. చంపడం, రాయడం రెండూ ఒకే చేత్తో మొదలయ్యాయి.

అసలు మలుపు ఇంకో పిచ్చుకతో వచ్చింది. కొట్టిన పిట్టని తీసి చూస్తే మెడ కింద పసుపు మచ్చ ఉంది. మామూలు ఊరపిచ్చుకకి అలా ఉండదు. ఇది తినొచ్చా తినకూడదా అన్న అనుమానంతో మామయ్య దగ్గరికి పట్టుకెళ్ళాడు. మామయ్యకీ అదేంటో తెలియలేదు. ఉత్తరం రాసిచ్చి బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ కార్యదర్శి డబ్ల్యు.ఎస్. మిలార్డ్ దగ్గరికి పంపించాడు. ఆ తెల్లదొర కుర్రాడిని చూసి విసుక్కోలేదు. పిట్ట పేరు చెప్పి, సొరుగులు ఒక్కొక్కటీ లాగి దూది కూరిన వందల పక్షుల్ని చూపించాడు. చదవడానికి పుస్తకాలిచ్చాడు, పక్షి చర్మం ఒలిచి దాచే పద్ధతి నేర్పించే ఏర్పాటు చేశాడు. ఒక మనిషి ఒక మధ్యాహ్నం కాస్త ఓపిక పడితే ఎంత జరుగుతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలీదు.

ఈ సొసైటీ ఎవరిదో కూడా చెప్పుకోవాలి. 1883లో ఎనిమిది మంది కలిసి పెట్టారు. సభ్యుల్లో చాలామంది శికారీలు: కలెక్టర్లు, అటవీ అధికారులు, మిలిటరీ వాళ్ళు, టీ తోటల దొరలు. సెలవు దొరికితే తుపాకీ పట్టుకుని చెరువుకో అడవికో వెళ్ళేవాళ్ళే, తిరిగొచ్చాక ఎక్కడ ఏ పక్షి కనబడిందో జర్నల్‌కి రాసి పంపేవాళ్ళు. వాళ్ళ చందాలతోనే మ్యూజియం పెరిగింది. అంటే మన దేశంలో పక్షుల శాస్త్రానికి తొలి పెట్టుబడి వేటగాళ్ళ జేబులోంచి వచ్చింది. వినడానికి ఇబ్బందిగానే ఉంటుంది కానీ, నిజం.

చదువులో సలీం అలీ అంత గొప్ప స్టూడెంటేం కాదు. 1913లో మెట్రిక్ అత్తెసరు మార్కులతో గట్టెక్కారు. సెయింట్ జేవియర్స్ కాలేజీలో చేరి మధ్యలో మానేశారు. కుటుంబానికి బర్మాలోని తవోయ్‌లో టంగ్‌స్టన్ గనులు, కలప వ్యాపారం ఉంటే చూసుకోమని అక్కడికి పంపారు. వ్యాపారం పెద్దగా సాగలేదు గానీ చుట్టూ ఉన్న అడవి బాగా పనికొచ్చింది. 1917లో తిరిగొచ్చి కామర్స్ చదువుతూ, పక్కనే ఫాదర్ బ్లాటర్ ప్రోత్సాహంతో జంతుశాస్త్రం నేర్చుకున్నారు. 1918లో తెహ్మీనాతో పెళ్ళయింది. డిగ్రీ లేదన్న కారణంతో జువలాజికల్ సర్వేలో ఉద్యోగం రాలేదు. (ఫైనలియర్ ప్లేస్‌మెంట్ల టెన్షన్‌లో ఉన్న సీనియర్లు ఈ లైను రెండుసార్లు చదువుకోవచ్చు.) 1926లో ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియంలో నెలకి 350 రూపాయల గైడ్ లెక్చరర్ ఉద్యోగం దొరికింది. రెండేళ్ళు చేసి, సెలవు పెట్టి బెర్లిన్ వెళ్ళారు. అక్కడ ఎర్విన్ స్ట్రెసెమాన్ అనే గొప్ప పక్షిశాస్త్రవేత్త దగ్గర పని నేర్చుకున్నారు. చచ్చిన పక్షిని కొలవడం ఒక్కటే శాస్త్రం కాదని, బతికున్న పక్షి ఏం చేస్తుందో చూడటం అసలైన పని అని ఆయనకి గట్టిగా పట్టుబడింది ఆ తర్వాతే. హెలిగోలాండ్ దీవిలో పక్షుల కాళ్ళకి రింగులు తొడిగి వదలడం చూసింది కూడా ఆ ప్రయాణంలోనే.

1930లో తిరిగొచ్చేసరికి ఉద్యోగం లేదు. డబ్బుల్లేక ఆ పోస్టే తీసేశారు. భార్య వాళ్ళకి బొంబాయి అవతల సముద్రం ఒడ్డున కిహిమ్‌లో ఒక ఇల్లు ఉంటే, అక్కడికి మారిపోయారు. ఇంటి దగ్గర్లోనే గిజిగాళ్ళ గూళ్ళు. రోజూ కూర్చుని వాటినే చూశారు. మగ గిజిగాడు గూడు సగం కట్టి ఆడపక్షికి చూపించడం, నచ్చితే అది కాపురానికి రావడం, వెంటనే మగది పక్కన ఇంకో గూడు మొదలుపెట్టడం ఆ పరిశీలనలోనే బయటపడ్డాయి. నిరుద్యోగంలో చేసిన ఆ పనే ఆయనకి పేరు తెచ్చింది.

తర్వాత ఆయన వేసిన ప్లాన్ నాకు చాలా నచ్చుతుంది. సంస్థానాధీశులకి సొసైటీ ద్వారా ఒక ప్రతిపాదన పెట్టారు. మీ రాజ్యంలో ఉన్న పక్షులన్నిటి లెక్క నేను తీస్తాను, నాకు జీతం అక్కర్లేదు, క్యాంపు ఖర్చులు, బండ్లు మీరు భరిస్తే చాలు అన్నది దాని సారాంశం. మొదట ఒప్పుకున్న వాటిలో నిజాం ప్రభుత్వం ఒకటి. 1931-32లో హైదరాబాద్ రాష్ట్ర పక్షుల సర్వే జరిగింది. ఈనాటి తెలంగాణ దాదాపు అంతా అప్పుడు ఆ రాష్ట్రంలోదే. డేరాలు వేసుకుని, ఎద్దుబండ్ల మీద సామాను వేసుకుని తిరిగారు. తెహ్మీనా కూడా క్యాంపుల్లో వెంట ఉన్నారు. ఆ సర్వే ఫలితాలు తర్వాత సొసైటీ జర్నల్‌లో వరసగా వచ్చాయి. ఆ తర్వాత ట్రావన్‌కోర్, కొచ్చిన్, గ్వాలియర్, ఇండోర్, భోపాల్... లిస్టు కొల్లేటి చాంతాడంత.

సర్వే అంటే బైనాక్యులర్స్‌తో చూసి టిక్ పెట్టుకోవడం కాదు అప్పట్లో. కాల్చి, ఒలిచి, కొలిచి, చీటీ కట్టి మ్యూజియంకి పంపాలి. సలీం అలీ తన చేత్తో ఎన్నో పక్షుల్ని కాల్చారు, దాన్ని ఎప్పుడూ దాచలేదు. సరదా కోసం చంపడం వేరు, నమూనా కోసం చంపడం వేరు అన్నది ఆయన నమ్మకం. నమూనా లేకపోతే ఏ జాతి ఎక్కడ ఉందో రుజువు ఉండదు, రుజువు లేకపోతే దాన్ని కాపాడమని ఎవరినీ అడగలేం. అహింసావాదులకి ఈ జవాబు సరిపోదు. నాకు కూడా పూర్తిగా సరిపోలేదు. కానీ మన దేశపు పక్షుల డేటాబేస్ అలాగే తయారైంది, దాని మీదే ఈ రోజు ఫోన్‌లో ఉన్న పక్షుల యాప్‌లు కూడా నిలబడ్డాయి.

1939లో ఒక చిన్న ఆపరేషన్ తర్వాత తెహ్మీనా చనిపోయారు. ఆయన మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. చెల్లాచెదురైన మనిషిని అక్క, బావ తమ ఇంట్లో పెట్టుకున్నారు. రెండేళ్ళకి, 1941లో, ది బుక్ ఆఫ్ ఇండియన్ బర్డ్స్ వచ్చింది. పక్షుల పుస్తకం మామూలు జనం కొనుక్కుని చదవొచ్చు అని మన దేశంలో చూపించింది అదే.

ఇక్కడ మోటార్ సైకిళ్ళ గురించి చెప్పకపోతే మెకానికల్ బ్రాంచ్ వాళ్ళు నన్ను క్షమించరు. తవోయ్‌లో ఉన్నప్పుడు ఎన్.ఎస్.యు. బండితో మొదలుపెట్టి సన్‌బీమ్, హార్లీ డేవిడ్‌సన్, డగ్లస్, స్కాట్, న్యూ హడ్సన్, జెనిత్ దాకా రకరకాల బళ్ళు వాడారు. 1950లో స్వీడన్‌లోని ఉప్సాలాలో పక్షిశాస్త్రవేత్తల అంతర్జాతీయ సభ జరిగితే, తన సన్‌బీమ్‌ని ఓడలో యూరప్ దాకా తీసుకెళ్ళి దాని మీదే సభకి వెళ్ళారు. అప్పటికి వయసు 53. బి.ఎమ్.డబ్ల్యు. బండి కొనలేకపోయానన్న చింత మాత్రం మిగిలిపోయిందట.

మళ్ళీ భరత్‌పూర్‌కి వద్దాం, ఈ కథలో ముడి అక్కడే ఉంది. ఆ చిత్తడి నేల పూర్తిగా ప్రకృతి ఇచ్చింది కాదు. పల్లంలో నీళ్ళు నిలబెట్టడానికి కట్టలు పోసి, తూములు పెట్టి, అజాన్ బండ్ నుంచి నీళ్ళు వదిలి రాజులు తయారు చేసుకున్న బాతుల వేట స్థలం అది. 1902లో లార్డ్ కర్జన్ వచ్చినప్పటి నుంచి పెద్ద పెద్ద వేటలు మొదలయ్యాయి. ఏడాదిలో కొన్ని రోజులు తుపాకులు మోగుతాయి, మిగతా రోజులు ఎవరూ అటు అడుగు పెట్టకూడదు. బాతులకి తిండి, నీళ్ళు, ప్రశాంతత అన్నీ ఉంటాయి, వేట రోజు వచ్చేదాకా. స్వార్థంతో కట్టిన విశ్రాంతి మందిరం అనుకోండి.

స్వతంత్రం వచ్చాక ఆ స్వార్థం ఆగిపోయింది, దాంతో ఖర్చు పెట్టేవాడూ పోయాడు. రాజుల సరదా కోసం ఇన్ని నీళ్ళు, ఇంత భూమి ఎందుకు, ఎండగట్టి రైతులకి పంచండి అని స్థానికంగా ఒత్తిడి వచ్చింది. ఆ డిమాండ్‌లో అన్యాయం ఏమీ లేదు. ఆకలి ఉన్న దేశం అది. సలీం అలీ నెహ్రూ దాకా వెళ్ళి మాట్లాడారు. భూమి మిగిలింది. 1956లో పక్షుల అభయారణ్యం అయ్యింది. విచిత్రం ఏంటంటే, ఆ తర్వాత కూడా మాజీ మహారాజాకి అక్కడ వేటాడే హక్కు కొన్నేళ్ళు ఉంది, 1972 దాకా. 1981లో రామ్‌సార్ జాబితాలోకి, 1985లో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది.

ఇదే సమయంలో అమెరికాలో ఏం జరిగిందో పక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. 1930ల్లో అక్కడ కరువొచ్చి, చిత్తడి నేలలు ఎండి, బాతులు దారుణంగా తగ్గిపోయాయి. డింగ్ డార్లింగ్ అనే పేపర్ కార్టూనిస్టు (ఆయనా వేటగాడే) 1934లో మొదటి డక్ స్టాంపు బొమ్మ గీశాడు. బాతుల్ని వేటాడాలంటే ప్రతివాడూ ఆ స్టాంపు కొనాలి, మొదట్లో ధర ఒక డాలరు. ఆ డబ్బుతో ప్రభుత్వం చిత్తడి నేలలు కొంటుంది. ఇప్పటికి 60 లక్షల ఎకరాలకి పైగా అలా కాపాడారు. 1937లో వేటగాళ్ళే డక్స్ అన్‌లిమిటెడ్ అని ఒక సంస్థ పెట్టుకుని విరాళాలు పోగేశారు. ఆ డబ్బు మొదట కెనడాలో బాతులు గుడ్లు పెట్టే చోట్లకి వెళ్ళింది. చంపేవాడి దగ్గరే కాపలా ఖర్చు వసూలు చేసే పద్ధతి అన్నమాట. మన దగ్గర దారి వేరు. 1972 వన్యప్రాణి చట్టం వేటని బిగించింది, 1991 సవరణతో దాదాపు పూర్తిగా ఆగిపోయింది. నాకైతే మన దారే ఇష్టం. కాకపోతే వేటగాడు వెళ్ళిపోతూ ఖాళీ చేసిన కుర్చీలో, బిల్లు కట్టే కుర్చీలో, ఎవరూ సరిగ్గా కూర్చోలేదు.

సలీం అలీ ఆ కుర్చీ కోసం జీవితమంతా మనుషుల్ని వెతికారు. సొసైటీ దివాలా తీసే పరిస్థితి వస్తే నెహ్రూకి ఉత్తరం రాసి సాయం తెచ్చారు. 1959లో వలస పక్షుల కాళ్ళకి రింగులు తొడిగే పెద్ద ప్రాజెక్టు మొదలైతే, దానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ డబ్బిచ్చింది. పక్షులు రోగాలు మోసుకొస్తున్నాయేమో తెలుసుకోవాలని వాళ్ళ ఆసక్తి. తర్వాత అమెరికా మిలిటరీ నుంచి కూడా నిధులు రావడంతో ఇదేదో రహస్య ఆయుధాల పరిశోధన అని పేపర్లలో గోల జరిగింది. ఆయన తన చేతికొచ్చిన గెట్టీ బహుమతి సొమ్ముతో ప్రకృతి సంరక్షణ నిధి పెట్టారు. డిల్లన్ రిప్లీ అనే అమెరికన్‌తో కలిసి పది సంపుటాల పక్షుల హ్యాండ్‌బుక్ రాశారు, 1968 నుంచి 1974 దాకా వచ్చింది. ఈ రిప్లీ తన ఇంటి చెరువుల్లో దేశదేశాల బాతుల్ని పెంచిన మనిషి, బాతుల మీద ఒక పుస్తకమే రాశాడు.

ఇప్పుడు మన ఊళ్ళ సంగతి. 1946లో కె.కె. నీలకంఠన్ అనే ఆయన (తర్వాత మలయాళంలో ఇందుచూడన్ పేరుతో పక్షుల మీద రాసి ప్రసిద్ధుడయ్యారు) పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడు గ్రామంలో చెట్ల మీద గూడబాతులు గుంపులుగా గూళ్ళు కట్టుకోవడం చూశారు. 1949లో ఆ వివరాలన్నీ బాంబే సొసైటీ జర్నల్‌లో వచ్చాయి. సలీం అలీని పెంచిన ఆ జర్నలే. ఊరి మధ్య, మనుషుల నెత్తి మీద, అంత పెద్ద పక్షులు పిల్లల్ని పెంచుకున్నాయంటే ఆ ఊరివాళ్ళు కాల్చకుండా, కొట్టకుండా ఊరుకున్నారనేగా అర్థం. వాళ్ళకి ఏ స్టాంపూ లేదు, ఏ విరాళమూ లేదు. వాటి తిండి మాత్రం కొల్లేరులోనూ చుట్టుపక్కల చెరువుల్లోనూ ఉండేది. తర్వాతి దశాబ్దాల్లో ఆ గూళ్ళు లేకుండా పోయాయి.

భరత్‌పూర్ కథలో సలీం అలీకి తగిలిన దెబ్బ కూడా చెప్పాలి, లేకపోతే ఇది భజన అవుతుంది. 1982లో దాన్ని జాతీయ పార్కుగా చేసినప్పుడు లోపల పశువుల మేత పూర్తిగా ఆపేశారు. ఆపాలని గట్టిగా చెప్పినవాళ్ళలో ఆయన ఒకరు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు తరతరాలుగా గేదెల్ని తోలుకెళ్ళే చోటు అది. గొడవ జరిగింది, పోలీసులు కాల్పులు జరిపారు, మనుషులు చనిపోయారు. ఆ తర్వాత గేదెలు లేని నీళ్ళలో గడ్డి విపరీతంగా పెరిగి, కొన్ని పక్షులకి ఈదడానికి ఖాళీ నీళ్ళే కరువయ్యాయి. ఈ విషయాన్ని పదేళ్ళు పరిశీలించి తేల్చింది ఎవరో కాదు, ఆయన సొంత సొసైటీ వాళ్ళే. రిపోర్టు 1991లో వచ్చింది. ఆయన 1987లో చనిపోయారు కాబట్టి చదవలేదు. పక్షుల్ని ఎనభై ఏళ్ళు చూసిన కళ్ళకి గేదె కూడా ఆ లెక్కలో భాగమే అని కనబడలేదు.

దానికి ఎదురుగా తమిళనాడులోని వేదంతాంగళ్ ఉంది. అక్కడ ఊరివాళ్ళే రెండు వందల ఏళ్ళ క్రితం కలెక్టర్ దగ్గరికి వెళ్ళి, తెల్ల సిపాయిలు పక్షుల్ని కాల్చకుండా ఉత్తర్వు తెచ్చుకున్నారు. పక్షుల రెట్టతో చెరువు నీళ్ళు బలంగా మారి పొలాలకి ఎరువు అవుతాయి. రైతుకి లాభం, పక్షికి చోటు.

చివరి రోజుల దాకా సలీం అలీ పని ఆపలేదు. 1976లో పద్మవిభూషణ్, 1985లో రాజ్యసభ సభ్యత్వం, అదే ఏడాది ఆత్మకథ ది ఫాల్ ఆఫ్ ఎ స్పారో. ఆయన బతికుండగానే, 1986 జనవరిలో మన కడప జిల్లాలో కలివికోడి మళ్ళీ దొరికింది. అంతరించిపోయిందని అందరూ అనుకున్న పక్షి. వెతికింది బాంబే సొసైటీ వాళ్ళు, దాన్ని చేత్తో పట్టి తెచ్చింది మాత్రం అక్కడి ఒక పిట్టల వేటగాడు.

ఆయన పేరుతో 1990లో కోయంబత్తూరులో ఒక పరిశోధన కేంద్రం వచ్చింది. ఆ కేంద్రం పేరు కొల్లేరు కాగితాల్లో కూడా ఉంది. 1999లో కొల్లేరులో అయిదో కాంటూరు దాకా, 308 చదరపు కిలోమీటర్లు, అభయారణ్యం అని ప్రకటించారు. 2002లో రామ్‌సార్ గుర్తింపు వచ్చింది. 2006 నాటికి చేపల చెరువుల గట్లు పేల్చేశారు. పెద్ద పెట్టుబడిదారుల చెరువులతో పాటు లంక గ్రామాల చిన్నవాళ్ళవీ పోయాయి. దాంతో హద్దుని మూడో కాంటూరుకి తగ్గించాలని 2008లో అసెంబ్లీ తీర్మానం చేసింది. తగ్గించొచ్చా లేదా చూడమని కేంద్రం వేసిన కమిటీకి అధ్యక్షుడు సలీం అలీ కేంద్రం డైరెక్టరు అజీజ్. తగ్గించొద్దని కమిటీ చెప్పింది. అప్పటి నుంచి ఇప్పటి దాకా ఎన్నికలొచ్చిన ప్రతిసారీ కాంటూరు మాట వస్తూనే ఉంది.

కైకలూరు పక్కన ఆటపాకలో చెట్లు సరిపోక ఇనుప స్టాండ్లు పాతారు. గూడబాతులు వాటి మీద గూళ్ళు కడుతున్నాయి. చూడాలంటే గేటు దగ్గర టికెట్టు కొనాలి, పడవకి వేరే.